సగం గీసిన గడ్డం

పోయిన పన్నీరుబుడ్డి దొరకడం వల్లనే ఆస్థాన మంగలి సింగన కొలువు నిలిచిందని నందవోలు రాజ్యంలో అందరూ చెప్పుకుంటారు. ఆ మాట నమ్మేముందు తేదీలు చూడాలి.

ఆ ఉదయం సింగన దండనాయకుడు మల్లపరాజుకు గడ్డం గీస్తున్నాడు. కుడిచెంప నున్నబడింది. ఇంతలో ఉగ్రాణపు అధికారి వచ్చి, వెండి పన్నీరుబుడ్డి పోయిందనీ, సింగన మీదే అనుమానమనీ చెప్పాడు.

“నేను తీయగా చూసినవాళ్లున్నారా, దొరా?” అన్నాడు సింగన.

“నింద పడ్డాక సాక్షులెందుకురా? ఈ క్షణం నుంచి నీకు కొలువు లేదు,” అన్నాడు మల్లపరాజు.

దొంగన్న పేరుతో కోట దాటితే, ఏ ఊళ్లోనూ ఎవరూ అతని కత్తికి గడ్డం అప్పగించరు. అయినా నిదానంగా కత్తిని పొదిలో పెట్టేశాడు.

“రెండో చెంప ఎవడు గీస్తాడురా?”

“కొలువులో లేనివాడు తమ ముఖాన కత్తి పెడితే చెయ్యి నరకమన్నది తమరి ఆజ్ఞే కదా, దొరా. కొత్త మంగలిని రాజుగారే నియమించాలి. తమరు ఇలాగే సభకు వెళ్లి అడగండి.”

సభ నగారా మోగింది. మల్లపరాజు ఎడమచెంప తడుముకున్నాడు.

“సరే, విచారణ తేలేదాకా కొలువులోనే ఉండు. గియ్యి.”

గడ్డం పూర్తయ్యాక ఆ మాట మారుతుందని సింగనకు అనుమానం.

“నా ఒక్కడికేనా, నింద పడ్డ ప్రతివాడికీనా? లేఖకుణ్ణి పిలిపించండి. నురగ ఆరిపోతోంది.”

నింద పడ్డ ఎవరినీ విచారణ తేలేదాకా కొలువు నుంచి తీయరాదని కోటగుమ్మం మీద చెక్కిన ఆజ్ఞ ఆ ఉదయానిదే, ఖర నామ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి నాటిది. మల్లపరాజు పల్లకీ పరుపు కింద పన్నీరుబుడ్డి బయటపడింది మరుసటి ఏడు, నందన నామ సంవత్సర శ్రావణంలో.