ఒక్క సంతకం తక్కువ

ఇమ్మానుయేలు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ‘పోగు’ కొత్త రూపాన్ని బయటికి వదిలే ముందు, దానికి చేయి సాయం చేసిన వాళ్ల పేర్లన్నీ హాజరు పట్టీలాగా పైకి చదివేవారు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై రెండేళ్లు పాఠం చెప్పిన నోరు మరి. ఒక్కో పేరు పిలిచి, జవాబు కోసం కాస్త ఆగి, ఆ తర్వాతే ఇంకో పేరుకి పోయేవారు. ఆ మనుషుల్లో ఒకరు పుణెలో ఉంటే ఇంకొకరు కోయంబత్తూరులో ఉంటారు. తెనాలిలో మాస్టారి వరండాలో కూర్చున్న మాకు ఎవరు జవాబు చెబుతారు? ఇంటి దగ్గర పాఠానికి వచ్చే ఏడెనిమిది మంది శిష్యులం నవ్వాపుకుంటూ కూర్చునేవాళ్లం.

పోగు అంటే ఏమిటో ముందు చెప్పాలి. చీర అంచు మీద హంసో, మామిడి పిందో రావాలంటే ఆ బొమ్మని గళ్ల కాగితం మీద గీయాలి. గళ్లని బట్టి అట్టలకి చిల్లులు కొట్టాలి. ఆ అట్టల్ని వరుసగా కుట్టి మగ్గం మీద జాకార్డు పెట్టెకి ఎక్కించాలి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క అంచుకి వందల అట్టలు పడతాయి. కంప్యూటర్‌లో బొమ్మ గీసి ఇస్తే, ఏ అట్టకి ఎక్కడ చిల్లు పడాలో తనే తేల్చి పెట్టే సాఫ్ట్‌వేర్ మా పోగు. మాస్టారు దాన్ని తయారుచేసి, లోపలి రాతంతా ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఇరవై ఏడుగురు తలా ఒక చెయ్యి వేశారు.

అయితే దాని వెంట ఉండే లైసెన్సులో, అంటే వాడకం షరతుల కాగితంలో, ఒక వాక్యం ఉంది: ‘దీన్ని వ్యాపారానికి వాడరాదు.’ అంతకుముందు ఆయన చేసిన ఇంకో పనిని ఒక కంపెనీ చెప్పాపెట్టకుండా తీసుకుని, పైన తన పేరు వేసుకుని అమ్ముకుంది. ఆ మంటలో రాసిన వాక్యం అది. మాస్టారి కోపం ఎలాంటిదో మాకందరికీ అనుభవమే కాబట్టి దాని జోలికి ఎవరమూ పోలేదు.

పదమూడేళ్ల తర్వాత చీరాల వైపు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది అక్కడి చేనేత సంఘం అధ్యక్షుడు వీరరాఘవులు గారు. “అయ్యా, మా సంఘంలో నలభై మగ్గాలున్నాయి. మీ పోగు వాడుకుందామంటే మా దగ్గర అట్టలు కొట్టే ఆవిడ ససేమిరా అంటోంది. చీర నేసి అమ్మడం వ్యాపారం కాదా, వాడొద్దని రాసి ఉంది కదా అని వాదన. చుట్టుపక్కల అందరూ చప్పుడు చేయకుండా వాడుకుంటున్నారు, మాకే ఈ ఖర్మ. చేత్తో కొట్టే అట్టలు మగ్గాలకి చాలక సగం మగ్గాలు ఖాళీగా ఉంటున్నాయి. ఒక కంపెనీ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్ ఇస్తామంటున్నారు గానీ, మా తాతల నాటి అంచు బొమ్మలన్నీ వాళ్లకి రాసివ్వాలట. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం మా సర్వసభ్య సమావేశం. అప్పటికి మీ వల్ల ఏమీ కాకపోతే వాళ్లకే సంతకం పెట్టేస్తాం.”

మాస్టారు ఉత్తరం రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, “లైసెన్సు మార్చాలి” అన్నారు. కొత్తది ఆయనే ఎంచారు. ఎవరైనా ఏ పనికైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. బాగుచేసి పదిమందికి ఇచ్చేవాళ్లు మాత్రం ఆ బాగుచేసిన రాతని కూడా తెరిచి చూపించాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. సాఫ్ట్‌వేర్ లోపలి రాతలో ఎవరు రాసిన వరుస వాళ్లదే. పాత షరతు మీద ఇచ్చినదాన్ని కొత్త షరతు కిందికి మార్చాలంటే ఇచ్చిన ప్రతివాళ్లూ సరేననాలి. అది ఈ పనిలో మర్యాద, చట్టం కూడా. మాలో చురుకైన శేషు గుంటూరులో తన ఉద్యోగం చూసుకుంటూనే ఇరవై ఏడుగురికీ జాబులు పంపాడు. నాలుగు రోజుల్లో ఇరవై ఆరు సమ్మతులు సంతకాలతో సహా వచ్చేశాయి. ఎప్పుడో ఒక్క కామా మార్చిన పెద్దమనిషి రెండు పేజీల అభినందన కూడా జతచేశాడు. పంతొమ్మిదో పేరు దగ్గర మాత్రం జాబు తిరిగొచ్చింది. అవ్వారు మాణిక్యాంబ, తొమ్మిదేళ్ల కిందట పదకొండు వరుసలు పంపిన మనిషి. ఆ మెయిలు చిరునామా ఇప్పుడు పనిచేయడం లేదు.

ఆ ఆదివారం మాస్టారు యథాప్రకారం హాజరు పిలిచారు. మాణిక్యాంబ పేరు దగ్గర మామూలుకన్నా ఎక్కువసేపు ఆగారు. శేషు ఇక పట్టలేకపోయాడు.

“మాస్టారూ, ఇరవై ఆరుగురు సరేనన్నారు. నలభై మగ్గాలు ఎదురుచూస్తున్నాయి. ఒక్క మనిషి కోసం ఇంతమంది ఆగాలా? ఆ పదకొండు వరుసలు తీసేయండి, గంటలో నేను వేరేవి రాసిస్తాను.”

న్యాయమైన ప్రశ్నే అనిపించింది మా అందరికీ. మాస్టారికి కోపం వస్తుందనుకున్నాం గానీ రాలేదు.

“కాదన్నవాళ్లవి తీసేయొచ్చు శేషూ. అడగనే అడగనివాళ్లవి ఎట్లా తీస్తాం?” అన్నారు. తర్వాత ఆ పదకొండు వరుసలు తెరిచి చూపించారు. వాటి పైన తెలుగులో ఒక ముక్క రాసి ఉంది: ‘అంచు తిరిగేచోట కుడివైపు హంస వెనక్కి నడుస్తోంది. సరిచేశాను.’

“ఇది కుర్చీలో కూర్చుని రాసిన మాట కాదు, మగ్గం పక్కన నిలబడి చూసిన మాట. నువ్వు రేపు చీరాల వెళ్లు. ఆ సంఘం వాళ్లనే అడుగు. అట్టలు కొట్టేవాళ్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు.”

శేషు సణుక్కుంటూనే సెలవు పెట్టి రైలెక్కాడు. అక్కడ జరిగింది అతని నోట మేం ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను, ప్రతిసారీ కొత్తగానే ఉండేది.

వీరరాఘవులు గారు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. అవ్వారు మాణిక్యాంబ అనే పేరు ఈ చుట్టుపక్కల ఎప్పుడైనా విన్నారా అని శేషు అడిగాడు. ఆయన గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టారు.

“ఎప్పుడైనా వినడమేంటి బాబూ! పొద్దస్తమానం వింటన్నా. ఉత్తరంలో నేను రాసింది ఎవరి గురించనుకున్నావ్? మా ప్రాణం తీస్తంది ఆవిడేగా!”

వెనక గదిలో నలభై దాటిన ఒక ఆవిడ కింద కూర్చుని, ఒక చేత్తో ఉలి, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని అట్టకి చిల్లులు కొడుతోంది. మూల ఒక అట్టల యంత్రం దుప్పటి కప్పుకుని ఉంది. సంఘం ఏనాడో ముచ్చటపడి కొన్నది. కంప్యూటర్ నుంచి లెక్క అందితే తప్ప అది కదలదు.

“ఆ పదకొండు వరుసలు మీరేనా అండీ రాసింది?” అని అడిగాడు శేషు.

“నేనేనండీ. డిప్లొమా చదివాను కదా, మర్చిపోకుండా ఇంటి దగ్గర నేర్చుకుందామని తెరిచాను. హంస వెనక్కి నడుస్తంటే చూస్తా ఎట్టా ఊరుకుంటాం? నెట్ సెంటర్లో కూర్చుని దిద్ది పంపించాను. తర్వాత ఆ సెంటరూ పోయింది, మెయిలు పాస్‌వర్డూ పోయింది.”

“మరి మీరు దిద్దినదాన్ని మీరే వాడరేంటండీ?”

“వ్యాపారానికి వాడొద్దని రాసుందిగా. ఇక్కడ నాకు కూలి ఇస్తారు, చీర అమ్ముతారు. దిద్దొద్దని రాయలేదు, దిద్దాను. వాడొద్దని రాశారు, వాడలేదు.”

“తొమ్మిదేళ్ల నుంచీనా?”

“మాస్టారు ఏదో కారణం ఉండబట్టే రాసి ఉంటారు కదండీ” అంది ఆవిడ, సుత్తి పక్కన పెట్టి. ఆ కుడి అరచెయ్యి కాయలు కాసి చెక్కలా ఉందని శేషు చెప్పేవాడు. ఇలాంటి మనిషి రాతనా నేను అడక్కుండా తీసేద్దామన్నాను అని అక్కడే సిగ్గుతో చచ్చిపోయానని కూడా చెప్పేవాడు.

సమ్మతి కాగితం చేతికిస్తే ఆవిడ వెంటనే సంతకం పెట్టలేదు. “పూర్తిగా చదవాలి. ఆదివారం మీటింగులో చెబుతాను. మాస్టారిని కూడా రమ్మనండి” అంది. శేషు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. సంగతంతా విని మాస్టారు “తొమ్మిదేళ్లా?” అని రెండుసార్లు అడిగారు. ఆ రోజు ఇక పాఠం జరగలేదు.

ఆదివారం మేమందరం ఆయన వెంట వెళ్లాం. సంఘం హాలు కిటకిటలాడుతోంది. కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాతో, నాలుగు ప్రతుల ఒప్పందంతో ముందు వరసలోనే కూర్చున్నాడు. వీరరాఘవులు గారి పెన్ను మూత అప్పటికే తీసి ఉంది. మాణిక్యాంబ కాగితం పట్టుకుని లేచింది.

“మూడుసార్లు చదివాను మాస్టారూ. ఎవరైనా వాడుకోవచ్చు. బాగుచేసి పంచినవాళ్లు ఆ బాగుని దాచుకోకూడదు. అంతేనా?”

“అంతేనమ్మా.”

“మా బొమ్మలు?”

“మీ బొమ్మలు మీవే. వాటి మీద పోగుకి ఏ హక్కూ లేదు.”

ఆవిడ నిదానంగా, పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. శేషు అయితే ఎగిరి గంతేసినంత పని చేశాడు. మాణిక్యాంబ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. మాస్టారి దగ్గరున్న పట్టీ అడిగి తీసుకుని, వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చూసింది.

“ఇక్కడ ఇరవై ఏడు సంతకాలున్నాయి. ఒకటి తక్కువైంది మాస్టారూ, మీది లేదు.”

వీరరాఘవులు గారు నుదురు కొట్టుకున్నారు. “ఇదిగో, మళ్లీ మొదలెట్టింది!”

“ఇందులో సగానికి పైగా ఆయన రాతేగా బాబాయ్. ఆయన సమ్మతి లేకుండా ఎట్టా ముట్టుకుంటాను?”

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పదమూడేళ్లుగా పట్టీ చదివేది ఆయనే కాబట్టి, అందులో ఆయన పేరు ఉండాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. కొత్త లైసెన్సు ఎంచింది ఆయనే, మాతో జాబులు రాయించింది ఆయనే. ఆ పాత వాక్యం రాసిన చెయ్యి మాత్రం దాన్ని కొట్టేస్తున్నానని ఎక్కడా సంతకం పెట్టలేదు. మాస్టారు మొహం చూస్తే ఆ విషయం ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది.

మాణిక్యాంబ పట్టీ చివర ఆయన పేరు రాసింది. అచ్చం ఆయన పిలిచే తీరులోనే గొంతెత్తి పిలిచింది.

“కొల్లూరి ఇమ్మానుయేలు గారు!”

పిలిచి, జవాబు కోసం ఆగింది. డెబ్బై ఏళ్ల మాస్టారు బెంచీ మీంచి లేచి, క్లాసులో పిల్లాడిలా నిలబడ్డారు.

“వచ్చానమ్మా” అన్నారు. “బాగా ఆలస్యమైంది. క్షమించు.”

ఆవిడ పెన్ను అందించింది, ఆయన సంతకం పెట్టారు. అప్పుడు లేచిన చప్పట్లకి రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. కంపెనీ మనిషి నాలుగు ప్రతులూ సంచిలో సర్దుకుని ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు. సంఘం సభ్యులందరూ చేతులెత్తి పోగు వాడుకోవాలని తీర్మానం చేశారు.

మాణిక్యాంబ యంత్రం మీది దుప్పటి తానే లాగి అవతల పడేసింది. తొమ్మిదేళ్ల కిందట తను సరిచేసిన హంసల బొమ్మే కంప్యూటర్‌లో తెరిచింది. గదిలోంచి అట్టలు వస్తూనే ఉన్నాయి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కుడుతూనే ఉన్నారు. మధ్యాహ్నం మూడింటికల్లా అట్టలు మగ్గం ఎక్కాయి. నేతగాడు బెత్తెడు నేసేసరికి జనం మగ్గం చుట్టూ మూగిపోయారు. ఎడమ అంచు హంసలు కుడివైపు చూస్తున్నాయి, కుడి అంచు హంసలు ఎడమవైపు చూస్తున్నాయి. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి నడవడం లేదు. ఎవరో ఈల వేశారు. ఖాళీగా ఉన్న మిగతా మగ్గాల వాళ్లు తమ వంతు ఎప్పుడని అప్పుడే మాణిక్యాంబని చుట్టుముట్టారు. ఆవిడ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కరి పేరే రాసుకుంటోంది. ఆవిడ చేత అంత పంతం పట్టించింది అసలు తానేనని వీరరాఘవులు గారు కనిపించిన ప్రతివారికీ చెబుతున్నారు.

మాస్టారు మగ్గం పక్కన స్టూలు మీద కూర్చుని అంచునే చూస్తున్నారు. శేషు దగ్గరికి వెళ్లి తలొంచుకుని, “ఆ రోజు నేను అలా అడగకుండా ఉండాల్సింది మాస్టారూ” అన్నాడు.

“బాగానే అడిగావు” అన్నారు ఆయన, హంసల మీంచి చూపు తిప్పకుండా. “ఒక్క మనిషి కోసం ఇంతమంది ఆగాలా అన్నావు. ఆ ఒక్క మనిషి ఎవరో మనం చూసుకోలేదు.”