అనుమానం కొన్న టీవీ

నంద్యాలలో శేషఫణి అని ఒక బస్సు టికెట్ల తనిఖీ అధికారి ఉండేవాడు. చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చినా, తాగే ముందు ఇందులో నీళ్లెంత కలిపారో అని ఎత్తి చూసే మనిషి. టికెట్టు లేనివాణ్ణి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. అయితే ఇంటికి వచ్చాక కూడా ఆ ఉద్యోగం మానేవాడు కాదు.

ఆయన కూతురు మధూలిక ఏడో తరగతి చదువుతూ ఉండేది. ఆమె మేనమామ చంద్రకాంత్ డోన్‌లో స్కూలు మాస్టారు. మేనకోడలి పుట్టినరోజుకి అతను ఒక గేమ్ కన్సోల్ తెచ్చాడు. తెరకు తగిలించి ఆడుకునే పెట్టె అది. మధూలిక గంతులు వేసింది. శేషఫణి మాత్రం ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు. మీ తమ్ముడు ఇప్పుడిది ఎందుకు తెచ్చినట్టు?" అని భార్యను అడిగాడు.

"మేనకోడలని తెచ్చాడండీ. ఇంకెందుకు తెస్తాడు?" అంది సులోచన.

హాల్లో శేషఫణి తల్లి సీరియళ్లు చూసే టీవీ పాతది. దానికి ఆ పెట్టె తగిలించే వీలు లేదు. "నాన్నా, పెద్ద టీవీ వద్దు. నా గదిలో బల్ల మీద పెట్టుకునే చిన్న మానిటర్ చాలు," అంది మధూలిక.

పిల్లలు పెద్దది అడుగుతారు గానీ చిన్నది అడుగుతారా? శేషఫణికి చెవి దగ్గర దోమ మోగినట్టయింది. గదిలో తలుపేసుకుని చదువు ఎగ్గొట్టడానికే ఈ ఎత్తు అనుకున్నాడు.

ఆ ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని కరీముల్లా దుకాణానికి వెళ్లాడు.

"పాప ఎంత దూరంలో కూర్చుని ఆడుతుంది సార్?" అని అడిగాడు కరీముల్లా.

"అవన్నీ మీకెందుకు?"

"దగ్గర కూర్చునేటట్టయితే ఈ చిన్న మానిటర్ సరిపోతుంది. ఆటకి సైజు కాదు సార్ ముఖ్యం, మీట నొక్కగానే బొమ్మ కదలాలి. కావాలంటే మీ కన్సోల్ తెచ్చి ఇక్కడే పెట్టి చూసుకోండి."

ఖరీదైనది వదిలేసి చౌకది కొనమనే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? ఇది అమ్ముడుపోక మూలన పడి ఉన్న సరుకై ఉంటుంది. పైగా కన్సోల్ తెమ్మంటున్నాడు. లోపలి భాగాలు మార్చేయడానికేమో! శేషఫణి కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ వీధిలోనే నాలుగు అడుగుల అవతల దామోదరం దుకాణం ఉంది. దామోదరం వాళ్లను చూడగానే నవ్వాడు.

"పక్క దుకాణంలో చిన్నది అంటగట్టబోయారా సార్?"

"మీకెలా తెలుసు?"

"మీ ముఖమే చెబుతోంది. మీరు కాబట్టి తప్పించుకున్నారు. మీలాంటివారిని మోసం చేయడం ఎవరి తరం?"

శేషఫణి మీసం దువ్వుకున్నాడు. ఇన్నేళ్లలో తనను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఇతనే అనిపించింది. దామోదరం గోడకు వేలాడుతున్న పెద్ద టీవీని చూపించాడు.

"నాన్నా, ఒకసారి గేము పెట్టి చూసి కొందామా?" అంది మధూలిక మెల్లగా.

"చూశారా సార్, పాపకి ఎవరో బాగానే నేర్పి పంపించారు," అన్నాడు దామోదరం.

శేషఫణికి వెంటనే బావమరిది గుర్తొచ్చాడు. ఓహో, వెనకాల ఉన్నది అతనన్నమాట! మరి మాట్లాడకుండా ఆ పెద్ద టీవీనే కట్టమన్నాడు.

"బిల్లు కావాలంటే రాస్తాను. కానీ బిల్లు పేరుతో జనం నెత్తిన వేసే పన్ను బరువు మీకు తెలియనిదా?" అన్నాడు దామోదరం.

"తెలుసు, తెలుసు. ఏమీ వద్దు," అన్నాడు శేషఫణి, తెలివైనవాళ్లు ఇద్దరు కలుసుకున్నప్పటి నవ్వుతో.

టీవీ హాల్లో గోడెక్కింది. బొమ్మ పెద్దదిగానే ఉంది. మధూలిక ఆట మొదలుపెట్టింది. తెర మీద బుల్లి మనిషి గుంటలు దూకుతూ పరుగెత్తాలి. ఆమె మీట నొక్కేది. వాడు గుంటలో పడ్డాక అప్పుడు ఎగిరేవాడు. ఎన్నిసార్లు ఆడినా అంతే. చివరికి ఆ పిల్ల పెట్టె పక్కన పెట్టి, "బాగుంది నాన్నా, చేతులు నొప్పి పుట్టాయి," అంది.

ఆ గొంతులో సంతోషం లేదని శేషఫణికి తెలిసింది. తప్పు ఎవరిదో కూడా తెలిసిపోయింది అనుకున్నాడు. వెంటనే డోన్‌కి ఫోన్ చేశాడు.

"ఎవరో పారేసిన పెట్టె తెచ్చి నా కూతురికి అంటగట్టావా? కొత్తదని మా అందరినీ నమ్మించావే!"

పక్కనే ఉన్న సులోచన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మర్నాడు పొద్దున్నే చంద్రకాంత్ వచ్చాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు.

"నా మాట నమ్మొద్దు బావా. ఇంకొక తెర మీద పెట్టి నీ కళ్లతో నువ్వే చూడు."

కన్సోల్ తీసుకుని ముగ్గురూ కరీముల్లా దుకాణానికి వెళ్లారు. అతను నిన్నటి సంగతి ఎత్తకుండా మానిటర్‌కి తీగ తగిలించి ఇచ్చాడు. మధూలిక మీట నొక్కింది. బుల్లి మనిషి గుంట దాటాడు. మళ్లీ నొక్కింది. మళ్లీ దాటాడు. ఆ పిల్ల గట్టిగా నవ్వింది. పెట్టెలో ఏ లోపమూ లేదు.

"నాకు బడికి వేళైంది," అని చంద్రకాంత్ మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. బావ ముఖం కూడా చూడలేదు.

శేషఫణి ఇంటికి వచ్చి టీవీని కిందికి దించాడు. వెనక ఉన్న స్టిక్కరు గోటితో గీకి చూశాడు. కింద ఇంకో స్టిక్కరు ఉంది, మాసిపోయి. అది ఎవరో వాడి వదిలేసిన పాత టీవీ. ప్రతి టికెట్టునూ తిప్పి చూసే తను, దీన్ని ఒక్కసారైనా తిప్పి చూడలేదు!

టీవీని ఆటోలో వేసుకుని దామోదరం దగ్గరికి పరుగెత్తాడు. దామోదరం ఈసారి నవ్వలేదు.

"ఇది మా దగ్గర కొన్నదేనా సార్? బిల్లు చూపించండి."

శేషఫణి టీవీని మళ్లీ ఆటోలోకి ఎక్కించాడు. వచ్చిన ఆటోలోనే తిరిగి వచ్చాడు. కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఇప్పుడైనా నిజం చెప్పమ్మా. చిన్న మానిటర్ గదిలోకి ఎందుకడిగావు?"

మధూలిక హాలు వైపు చూస్తూ అంది. "సాయంత్రం అవ్వ హాల్లో సీరియల్ చూస్తుంది కదా నాన్నా. నేను అక్కడ ఆట పెట్టుకుంటే అవ్వ నోరెత్తదు. లేచి వంటింట్లో పీట మీద కూర్చుంటుంది. అందుకని."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పినా నువ్వు నమ్మవని."

శేషఫణికి ఏడుపొచ్చినంత పనైంది. దామోదరం చేసిన మోసం కంటే ఈ మాటే లోతుగా దిగింది.

తర్వాతి సెలవు రోజున ఆయన డోన్ వెళ్లి, బావమరిది చేతులు పట్టుకుని తప్పైందన్నాడు. కరీముల్లా దగ్గర మానిటర్ కొన్నాడు. ఏది కావాలో కూతురే చూపించింది. ఆయన ఎందుకని అడగలేదు. సాయంత్రాలు అవ్వ హాల్లో తన మునుపటి టీవీ ముందు హాయిగా కూర్చునేది.

చంద్రకాంత్ కూడా మళ్లీ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కానీ ఏది తెచ్చినా, మామిడిపళ్ల సంచి అయినా సరే, ముందు బావ కళ్ల ఎదుట విప్పి చూపించి గానీ లోపలికి ఇచ్చేవాడు కాదు. "వద్దయ్యా, అక్కర్లేదు," అని శేషఫణి ఎంత బతిమాలినా ఆ అలవాటు పోలేదు. అది చూసిన ప్రతిసారీ ఆయన తల వంచుకునేవాడు.

నీతి: అందరినీ అనుమానించేవాడు తన అనుమానాన్ని మెచ్చుకున్నవాడి చేతిలోనే మోసపోతాడు. పోయిన సొమ్ము మళ్లీ సంపాదించుకోవచ్చు గానీ, అయినవాళ్ల మనసులో పడిన గాటు అంత తొందరగా మానదు.