మూడు కండెల సేపు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు ఎల్లేశం నాలుగో గిన్నె కడుగుతున్నాడు.

మొదటి గిన్నెలో పాలన్నం పెట్టాడు. కుక్కపిల్ల వాసన చూసి తల తిప్పుకుంది. రెండోదాంట్లో పెరుగన్నం. దాన్ని చూడనైనా లేదు. మూడోదాంట్లో ఉడికించిన గుడ్డు. పచ్చసొన నాకి తెల్లసొన వదిలేసింది. ఆశ్రమంలో మాంసం వండరు కాబట్టి, ఊళ్లో ఒకరింట్లో ముందురాత్రే ఉడికించి తెచ్చిన కోడిముక్కలు నాలుగోసారి పెట్టాడు. రెండు ముక్కలు తిని పక్కకు పోయింది. చివరికి ఎల్లేశం చొక్కా జేబులోంచి బిస్కెట్ తీశాడు. దాన్ని మాత్రం తిన్నది.

కుక్కపిల్లకు మూడు నెలలు. గోధుమరంగు. తల్లి లారీ కింద పడి చచ్చిపోతే నెల కిందట ఎల్లేశమే రోడ్డు పక్కనుంచి ఎత్తుకొచ్చాడు. చింతగింజ అని పేరు పెట్టి, గింజ అని పిలుస్తున్నాడు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు.

ముందురోజు పట్నంలో పశువుల డాక్టరమ్మకు చూపించాడు. ఆమె నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కి చూసింది, నులిపురుగుల మందు పోసింది. తూకం రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు.

"జబ్బేం లేదు. రోజుకు నాలుగు పూటలు, ఒకటే తిండి పెట్టు. పన్నెండు రోజుల్లో మూడున్నర కిలోలు దాటాలి. చలి ముదిరితే ఈ ఒంటితో ఆగదు" అంది.

గుడి, విగ్రహం లేని ఆశ్రమం అది. రెండు గదులు, ఒక మగ్గం కొట్టం. గురువు నర్సింగదాసుకు డెబ్బై ఒక్క ఏళ్లు. పొద్దున మగ్గం నేస్తాడు, ఆదివారాలు వచ్చినవాళ్లకు తత్వం చెబుతాడు. ఎల్లేశం పదకొండేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు.

గిన్నె బోర్లించి ఎల్లేశం కొట్టంలోకి వచ్చాడు.

"అయ్యా, ఇది ఉత్త మొండిది. నాలుగు రకాలు పెట్టిన. ఒక్కటి ముట్టలే. ఎవలికోసం చేస్తున్న నేను ఇదంత? దీనికి ఇంత గూడ దయ లేదు."

గురువు రాట్నం మీద కండెలు, మగ్గం నాడెలో పెట్టే పుల్లలకు నూలు, చుట్టుతున్నాడు.

"దినానికి ఎన్నిసార్లు పెడుతున్నవ్?"

"లెక్క లేదు. ఎప్పుడు తింటదంటే అప్పుడే."

"ఎప్పుడు తింటదో నీకెట్ల తెలుస్తది?"

"దాని మొఖం చూస్తే తెల్వదా?"

"అది గూడ నీ మొఖం చూస్తున్నది" అన్నాడు గురువు.

లేచి వెళ్లి వంట చేసే బాలవ్వను అడిగి అన్నం, ఉడికించిన గుడ్డు తెచ్చాడు. మొత్తం మెత్తగా పిసికి ఒకే గిన్నెలో కలిపాడు. కొట్టం మూలన పెట్టాడు. పక్కన నీళ్ల గిన్నె పెట్టాడు. వెనక్కి వచ్చి ఎల్లేశాన్ని మూలకు వీపు తిప్పి కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చున్నాడు.

"చేతులు చాపు."

ఎల్లేశం చాపాడు. గురువు అతని రెండు చేతులకూ నూలు చిలప, వదులుగా చుట్టిన దారపు కట్ట, తగిలించాడు. దారం కొస తీసి కండెకు చుట్టడం మొదలుపెట్టాడు.

"వెనక్కి చూడకు. చెయ్యి కదిలితే దారం తెగుతది. మూడు కండెలు చుట్టేదాకా గిన్నె ఆడ ఉంటది."

గింజ మూలకు పోయింది. వాసన చూసింది. వెంటనే తిరిగొచ్చి ఎల్లేశం మోకాలి మీద ముందుకాళ్లు వేసి జేబు వైపు మూతి చాపింది. కుయ్యిమంది. ఎల్లేశం చేతులు నూలులో ఉన్నాయి.

"అయ్యా..."

"దారం" అన్నాడు గురువు.

మూడో కండె నిండింది. పావుగంట పట్టింది. గురువు లేచి గిన్నె తీశాడు. మూత పెట్టి వంటింటి వైపు నడిచాడు. నీళ్ల గిన్నెను మాత్రం కదపలేదు.

ఎల్లేశం చిలప చేతులకు ఉండగానే లేచి నిలబడ్డాడు.

"ఇదేం న్యాయం? ఎముకలు కనబడుతున్నై దానికి! నోరులేని జీవిని ఆకలికి మాడబెడతరా? ఆదివారం వచ్చినోళ్లకు దయ గురించి పొద్దుమూకేదాకా చెప్తరు గదా!"

"పదకొండు గంటలకు మళ్ల పెడత."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా దానికి ఆకలైతది."

"ఆకలైతే ఏడుస్తది!"

"ఏడుస్తది" అని గురువు ఒప్పుకున్నాడు.

"నన్ను గూడ గిట్లనే చేసిండ్రు!" అన్నాడు ఎల్లేశం.

ఈ ముచ్చట ఆశ్రమానికి వచ్చే అందరికీ తెలుసు. ఎల్లేశం పద్దెనిమిదేళ్లప్పుడు ఇంట్లో కొట్లాడి ఇక్కడికి వచ్చాడు. వాళ్లమ్మ అన్నం పళ్లెం పట్టుకుని వీధంతా వెంటపడి తినిపించిన కొడుకు. ఇక్కడ జొన్నరవ్వతో వండిన గట్క పెట్టారు. తిననన్నాడు. ఎవరూ బతిమాలలేదు. పూటపూటకూ గిన్నె పెట్టారు, తీశారు. రెండు రోజులు. మూడో రోజు పొద్దున తనే గిన్నె ముందుకు లాక్కున్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ ముక్కుపుటాలు అదురుతాయి.

"రెండు దినాలు అయ్యా! తిన్నవా రా అని అడిగినోడు లేడు. నాకైతే కాళ్లున్నై, పోవాలంటే పోయేటోన్ని. ఇది యాడికి పోతది?"

గురువు తిరిగొచ్చి చిలపలో చిక్కు పడిన చోట విడదీస్తున్నాడు.

పదకొండు గంటలకు అదే తిండి అప్పుడే కలిపి పెట్టారు. మళ్లీ చిలప, మళ్లీ మూడు కండెలు. గింజ రెండు ముద్దలు తిని ఎల్లేశం వైపు చూసింది. అతను వీపు తిప్పి ఉన్నాడు. కాసేపు నిలబడి, తినడం మానేసింది. గురువు గిన్నె తీశాడు.

ఒంటిగంటకు బాలవ్వ ముగ్గురికీ పళ్లేలు పెట్టింది. పద్నాలుగేళ్లుగా ఆశ్రమంలో వంట ఆమెదే. ఎల్లేశం పళ్లెంలోకే చూస్తూ గబగబా తిన్నాడు. రెండోసారి అన్నం అడిగాడు.

"కోపానికి ఆకలెక్కువ" అంది బాలవ్వ, వడ్డిస్తూ.

రెండున్నరకు గింజ కొట్టం గుమ్మంలో పడుకుని సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఎల్లేశం పది నిమిషాలు ఓర్చుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి బిస్కెట్ తీశాడు. తల ఎత్తితే మగ్గం మీంచి గురువు చూస్తున్నాడు.

"పెట్టు బిడ్డా. నేనేం ఆపుతలేను" అన్నాడు గురువు. "పెట్టినంక, నాలుగు గంటలకు అది తినకపోతే ఆ గిన్నె మాత్రం నువ్వే తియ్యాలె."

ఎల్లేశం బిస్కెట్‌ను చూశాడు. కుక్కపిల్లను చూశాడు. బిస్కెట్ తన నోట్లో వేసుకుని కసిగా నమిలాడు.

"డాక్టరమ్మ గూడ మీ తీరే" అన్నాడు నోరు నిండా ఉండగానే. "ఒకటే తిండంట. ఒకటే తిండి ఎవడు తింటడు?"

"నువ్వు పదకొండేండ్ల సంది గట్క తింటున్నవ్."

"అది వేరే!"

నాలుగు గంటలకు సగం గిన్నె ఖాళీ అయింది.

ఏడు గంటలకు నాలుగో పూట. ఎల్లేశం అడగకముందే చేతులు చాపాడు. మొదటి కండె సగం నిండేసరికి వెనక నుంచి చప్పుడు మొదలైంది. సిల్వర్ గిన్నె నేల మీద జరుగుతున్న చప్పుడు. గరగరమంటూ మూల నుంచి గోడ దాకా పోయి, గోడకు తగిలి ఆగింది. తర్వాత నాకుతున్న చప్పుడు.

"చూడొద్దా?" అన్నాడు ఎల్లేశం.

"విను."

విన్నాడు. దారం తెగలేదు.

మర్నాటి నుంచి రోజుకు నాలుగుసార్లు, అవే వేళలకు, అదే గిన్నె. బిస్కెట్లు తెచ్చిన వాళ్లను ఎల్లేశమే గుమ్మం దగ్గర ఆపాడు. "మీ పుణ్యం మీ ఇంటికాడ చేసుకోన్రి" అని ఒక పెద్దాయన మీద కేకలేశాడు కూడా. ఆయన ఎంతోమందికి అన్నదానం చేసినవాడు. చాలా నొచ్చుకున్నాడు.

పన్నెండో రోజు డాక్టరమ్మ తూకం వేసింది. మూడు కిలోల ఆరువందల యాభై.

"ఏం పెట్టావ్?"

"ఒకటే పెట్టిన" అన్నాడు ఎల్లేశం, తప్పు ఒప్పుకున్నట్టు.

ఆ సాయంత్రం ఆశ్రమానికి సిరిసిల్ల నుంచి ఒక కొత్తాయన వచ్చాడు. వాకిట్లో గింజ తన తోకను తనే పట్టుకోవాలని తిరుగుతోంది. దాన్ని చూపిస్తూ ఎల్లేశం మొదలుపెట్టాడు.

"దీనికైతే ఒక్క దినంతోనే మొండితనం పోయింది. నన్నయితే రెండు దినాలు! ఒక్కడు అడగలే. అయ్య రాయి అసొంటోడు."

బాలవ్వ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మొన్న కుక్కపిల్ల తినని దినం అయ్య పళ్లెం ముట్టకుంటనే తిరిగొచ్చింది. నువ్వు చూడలే. నువ్వప్పుడు రెండోసారి అన్నం అడుగుతున్నవ్."

ఎల్లేశం కొట్టం వైపు తిరిగాడు. లోపల మగ్గం ఆడుతోంది.

బాలవ్వ ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది.

"నువ్వొచ్చినప్పుడు గూడ అంతే. రెండు దినాలు. మూడో దినం పొద్దుగాల నువ్వు గట్క గిన్నె నాకినంకనే, నాక్కూడ ఇంత పెట్టు బాలవ్వా అన్నడు."