పూల బొమ్మలో తలపాగా

అనగనగా పైడికొండ అనే రాజ్యం. రాజ్యమన్నాక రాజుగారు ఉండాలి కదా, ఉన్నాడు. ఆయనకు పూలంటే ప్రాణం పెట్టే ముసలి తల్లి ఉంది. పాపం, కాళ్లు పడిపోయి ఆవిడ మంచం దిగలేకపోయింది. "కొండమీద ఏ పువ్వు ఎప్పుడు పూస్తున్నదో తెలియకుండానే పోతాను కాబోలు నాయనా" అని కంటతడి పెట్టుకుంది.

ఫొటో పెట్టెలు అప్పుడప్పుడే దేశంలోకి వచ్చిన రోజులవి. రాజుగారు చాటింపు వేయించాడు. "ఏడాది పొడుగునా కొండపూలను ఫొటో తీసి, మా అమ్మగారిని మెప్పించినవాడే ఆస్థాన ఫొటోగ్రాఫరు. పెట్టెలో బొమ్మ పడిన గాజుపలకలు మూసినవి మూసినట్టే కోటలో అప్పగించాలి. మావాళ్లే కడిగి, ఏడాది చివర చూపిస్తారు."

ఊళ్లో ఫొటోలు తీసేవాళ్లు ఇద్దరే, సోమలింగం, కూర్మయ్య. సోమలింగానికి పని బాగా వచ్చు, పెట్టె కూడా ఖరీదైనది. రానిదల్లా ఓర్చుకోవడమే. కూర్మయ్యను ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అతనికి అన్నం సహించదు.

"ఆ పదవి వాడికి దక్కిందా, నేనిక ఈ ఊళ్లో తలెత్తుకు తిరగలేను" అన్నాడు భార్యతో.

"మీ పని మీరు చూసుకోండి, చాలు" అంది ఆవిడ. ఆ మాట అతని చెవికెక్కలేదు.

వసంతం వచ్చింది. కొండవాలున మోదుగులు విరగబూశాయి. పెద్ద తలపాగా చుట్టుకుని కూర్మయ్య బయల్దేరాడు. వెనకాలే సోమలింగం బయల్దేరాడు.

ఆ కాలపు పెట్టెలతో ఒక చిక్కుండేది. మూత తీసి పది లెక్కపెట్టేదాకా ఎదురుగా ఉన్నది కదలకూడదు. కదిలిందా, బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే కూర్మయ్య గాలి ఎప్పుడు ఆగుతుందా అని కొమ్మవైపే చూస్తూ రాయిలా నిలబడ్డాడు.

అతని వెనకే పెట్టె నిలిపిన సోమలింగం అలా నిలబడగలడా! నల్లగుడ్డ కింద తల దూర్చాడో లేదో, బయటికి తీసి కూర్మయ్యను చూశాడు. మళ్లీ దూర్చాడు, మళ్లీ తీశాడు. "ఏ కొమ్మ చూసుకున్నాడో, ఏ ఎత్తు వేశాడో!" అని లోలోపల కుతకుతలాడిపోయాడు. వాడికంటే ముందే తీసెయ్యాలని గబుక్కున మూత తీశాడు.

వానాకాలం వచ్చింది. కొండమీది చెరువులో తామరలు విచ్చుకున్నాయి. కూర్మయ్య మోకాటిలోతు నీళ్లలో దిగి, అలలు సర్దుకునేదాకా కదలకుండా నిలబడ్డాడు. గట్టుమీద సోమలింగానికి ఒళ్లు మండింది. "నీళ్లలోకి దిగాలని నాకెందుకు తట్టలేదు!" అని పళ్లు కొరుకుతూ, కూర్మయ్య వీపును చూస్తూనే మూత తీశాడు.

చలికాలం వచ్చింది. వలిసె చేలు పచ్చగా పూసి కొండంతా పసుపు పూసినట్టయింది. ఈసారి వెనక అడుగుల చప్పుడు విని కూర్మయ్య తిరిగి చూశాడు.

"అన్నా, గాలి ఇంకా పడలేదు. తొందరపడకు, పూలు అలుక్కుపోతాయి" అన్నాడు.

"నన్ను ఆపి నువ్వు ముందు తీద్దామనా? నీ నక్కజిత్తులు నా దగ్గర కాదు!" అని సోమలింగం వెంటనే మూత తీశాడు. కూర్మయ్య పది లెక్క పూర్తయ్యేదాకా చిరునవ్వుతో అలాగే నిలబడ్డాడు.

ఏడాది తిరిగింది. రాజమాత మంచం చుట్టూ కొలువు తీరింది. కూర్మయ్య బొమ్మలు చూపించారు. మోదుగు రేకు మీది నూగు కూడా కనబడింది. ఆవిడ ఒక్కొక్క పువ్వునూ వేలితో తడిమి చూసుకుంది.

తరవాత సోమలింగం బొమ్మలు తెచ్చారు. మొదటిదాంట్లో పూలు అలుక్కుపోయి మసకమసకగా ఉన్నాయి, వాటి ముందు పెద్ద తలపాగా మాత్రం మడత మడతా తెలుస్తున్నది. రెండోదాంట్లో నీళ్లలో నిలబడ్డ వీపు. మూడోదాంట్లో నిండుగా కూర్మయ్య, నవ్వుతూ.

సోమలింగం ముందుకొచ్చి మూడు బొమ్మలనూ మార్చి మార్చి చూశాడు. ఏడాదంతా తాను పూలను తీస్తున్నాననే అనుకున్నాడు మరి!

"నాయనా, పువ్వులేవీ?" అంది రాజమాత. "కూర్మయ్య నాకు కొండను తెచ్చాడు. నువ్వు కూర్మయ్యను తెచ్చావు."

కొలువంతా గొల్లున నవ్వింది. పదవి కూర్మయ్యకు దక్కింది. "మూడో బొమ్మ బాగుంది, ఆస్థాన ఫొటోగ్రాఫరు బొమ్మగా కోట గుమ్మానికి తగిలించండి" అన్నాడు రాజుగారు. కింద ఇలా రాయించారు కూడా: ఈ ఫొటో తీసినవాడు సోమలింగం.

ఆ దారిన పోయినప్పుడల్లా సోమలింగం తలవంచుకుని పోయేవాడు.

అందుకే పిల్లలూ, అసూయపడేవాడికి ఎదుట పూసిన పువ్వు కనబడదు, పక్కవాడే కనబడతాడు.