కళ్ళు తెరిచి వేసిన సూది

భయం పోవడానికి ఏదైనా మంత్రం చెప్పమని కోటిలింగం గురువుగారిని అడిగాడు.

గురువు సాంబయ్యగారు మార్కాపురంలో నలభై ఏళ్ళు పలకలు కోసిన మనిషి. కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు. సందు చివర రెండు గదుల ఇల్లే ఆయన ఆశ్రమం. పొద్దున్నే నలుగురు వచ్చి కూర్చుంటారు. ఆయన మాట్లాడితే వింటారు, మాట్లాడకపోతే ఇంకా శ్రద్ధగా వింటారు. వాళ్ళలో గంటసేపు కదలకుండా జపం చేయగలిగినవాడు కోటిలింగం ఒక్కడే. ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు.

"దేనికిరా భయం?" అన్నారు గురువుగారు.

కోటిలింగం చెప్పాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల కోసం గుంటూరులో రెండుసార్లు వైద్యం చేయించుకున్నారు. రెండుసార్లూ నిలవలేదు. వచ్చే నెల మళ్ళీ మొదలు. భార్య వకుళకి రోజూ ఒకే వేళకి పొట్ట మీద సూది వెయ్యాలి, పన్నెండు రోజులు. కిందటిసార్లు ఆమె నర్సు దగ్గరికి ఆటోలో వెళ్ళి వేయించుకుని వచ్చేది.

"నువ్వు తోడు వెళ్ళేవాడివి కాదా?"

"ఆ వేళకి జపంలో ఉండేవాణ్ణి అయ్యా. ఆమె కోసమే."

"ఇప్పుడేమంటా ఉంది?"

"ఈసారి నన్నే వెయ్యమంటా ఉంది. లేకపోతే మొదలే పెట్టనంటా ఉంది. నా వల్ల కాదయ్యా. సూది చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి. పైగా మళ్ళీ నిలవకపోతే, అన్ని పోట్లూ నేను పొడిచినవే అవుతాయి."

గురువుగారు లోపలికి చూసి, "సుభద్రా, నా డబ్బా ఇట్లా తే" అన్నారు.

ఆయనకి పదేళ్ళుగా షుగరు. రోజూ టిఫినుకి ముందు ఇన్సులిన్ తనే వేసుకుంటారు. ఆ రోజు మందు సిరంజిలోకి ఎక్కించి, బనియను పైకెత్తి, సిరంజి కోటిలింగం చేతికిచ్చారు.

"వెయ్యి."

కోటిలింగం శివనామం అనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని పొడిచాడు. గురువుగారు పైకే "అబ్బా" అన్నారు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేత నేను కూడా ఆ మాట అనిపించలేదు నాయనా" అని సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది.

కోటిలింగం ముఖం పాలిపోయింది. "నెప్పి పుట్టిందా అయ్యా?"

"పుట్టదా మరి? పొడిచేవాడివి నువ్వు కళ్ళు మూసుకుంటే ఎట్లారా? రేపు మళ్ళీ రా."

మర్నాడు కళ్ళు తెరిచే వేశాడు గాని, పెదవులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. గురువుగారు చూశారు.

"సూది వేసేటప్పుడు నాతో మాట్లాడు. శివుడితో తర్వాత మాట్లాడుకుందువుగాని."

గురువుతో ఏం మాట్లాడాలో కోటిలింగానికి తోచలేదు. చివరికి, "రాత్రి నిద్ర పట్టిందా అయ్యా?" అన్నాడు.

"ఎక్కడిది? అరికాళ్ళు ఒకటే మంటలు. తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నా."

కోటిలింగం ఆ పాదాలకి ఆరేళ్ళుగా మొక్కుతున్నాడు. అవి మండుతాయని అతనికి ఆ రోజే తెలిసింది. సిగ్గుతో అతని తల వంగిపోయింది.

ఇంటికి వెళ్ళి వకుళ పక్కన కూర్చున్నాడు. కిందటిసార్లు ఎక్కడ నెప్పి పుట్టేదని అడిగాడు. ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, బొడ్డుకి ఎడమవైపు చూపించింది. నెమ్మదిగా మిగతావీ చెప్పుకొచ్చింది. రెండోసారి నిలవలేదని ఫోనులో తెలిసిన పొద్దున బస్టాండు దగ్గర ఆటో దిగిపోయి, కొళాయి పక్కన కూర్చుని ఏడ్చిందట. ముఖం కడుక్కుని ఇంటికొచ్చేసరికి అతను జపంలో ఉన్నాడట. లేపడం ఎందుకని వంటింట్లోకి వెళ్ళిపోయిందట.

ఆ తర్వాత కోటిలింగం ఒక్క రోజు కూడా తప్పకుండా గురువుగారింటికి వెళ్ళి సూది వేశాడు. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. వేస్తున్నంతసేపూ గురువుగారు తన కబుర్లు చెబుతూనే ఉండేవారు. కోటిలింగం వింటూ, అడుగుతూ ఉండేవాడు.

ఆఖరి రోజు సూది తీసి, దూదితో అద్ది, అతను గడప దగ్గర ఆగిపోయాడు.

"రేపటి నుంచి వకుళకి మొదలయ్యా. ఈసారి నిలుస్తుందా?"

"నాకు తెలియదురా."

ఆయన ఆ మాట దాచకుండా అన్నారు. కోటిలింగం తల ఊపాడు. గడప దాటబోయి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఆమెకి కూడా ఇదే వేళకి వెయ్యాలి. ఈ పన్నెండు రోజులూ నా జపం సాగదేమో."

సాంబయ్యగారు లేచి వచ్చి, అతని కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

"నీ వాటా జపం నేను చేస్తాలే. ఇంటికి పో. అమ్మాయి ఎదురుచూస్తా ఉంటది."