పరిమళ అధ్యాయంలో తప్పులు

"మాస్టారూ, రాద్దామని కూర్చుంటాను, చెయ్యి కదలదు. ఏం చెయ్యమంటారు?" అని త్రినాథ్ అడిగినప్పుడు పరాంకుశం మాస్టారు జవాబు చెప్పలేదు. కీటక శాస్త్రంలో ఎందరి చేతో పరిశోధన పూర్తి చేయించిన మనిషే గానీ, ప్రశ్నకు సమాధానం చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. ఎవరేం అడిగినా చేతికో పని అప్పగించి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చునేవారు.

నిజానికి త్రినాథ్ అడిగింది ఒకటి, కడుపులో ఉన్నది ఇంకొకటి. జీడిమామిడి పూతను మాడ్చేసే దోమ మీద అతని పరిశోధన. ఎండనకా వాననకా తోటలన్నీ తిరిగి వివరాలు పోగుచేశాడు. రాయడం దగ్గరే బండి ఆగింది. "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం" అని మొదలుపెట్టిన మొదటి అధ్యాయం ఏడాదిగా మాస్టారి బల్ల మీదే పడి ఉంది. వచ్చే వేసవి దాటితే గడువు అయిపోతుంది, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ళ తిరుగుడూ గంగపాలే. సరిగ్గా ఆ సమయంలో, అతని తర్వాత రెండేళ్ళకు చేరిన పరిమళ తేనెటీగల మీద రాసిన వ్యాసం పేరున్న పత్రికలో అచ్చయింది. ఆ అమ్మాయి విభాగమంతా కాజాలు పంచింది. త్రినాథ్ రెండు తీసుకుని, "కాజా బాగుంది" అన్నాడు. వ్యాసం మాట ఎత్తలేదు. అసూయ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళెవరైనా ఉంటే ఆ పూట అతని మొహం చూడవలసింది.

మాస్టారు పరిమళ కొత్తగా రాసిన అధ్యాయం తీసి అతని చేతిలో పెట్టారు. "ఎవరి చేతనైనా చదివించమంది. ఇందులో తప్పులు రాసుకురా. నీ పేరు వెయ్యకు. మొహమాటపడకు" అన్నారు.

మొహమాటమా! మెస్సులో ఆ రోజు చేపల పులుసని తెలిసి కూడా త్రినాథ్ భోజనానికి వెళ్ళలేదు. ఏడాదిగా కదలని చెయ్యి పరుగులు తీసింది. 'అసలు ప్రశ్న మూడో పేజీ దాకా రాలేదు. ముందే అడగండి' అని రాశాడు. 'ఒక్క మామిడితోటలో తేనెటీగల్ని చూసి జిల్లా మొత్తానికి తీర్పు చెప్పేశారు' అని రాశాడు. 'ఇందులో మీరు చూసిందెంత, ఊహించిందెంత? ఈ పేరా తీసేస్తే ఏం పోతుంది? ఏమీ పోదు, తీసెయ్యండి.' రుజువు లేకుండా నింద వేస్తే మాస్టారి దగ్గర తన పరువే పోతుందని ప్రతి ఆక్షేపణకూ పేజీ, పట్టిక చూపించాడు. సాయంత్రం ఆ కాగితాలు ఇచ్చి వస్తూ, ఈ దెబ్బతో ఆ పిల్ల మంచం పడుతుందని లోలోపల సంబరపడ్డాడు.

పరిమళ మంచం పట్టలేదు. ఒక రోజు కళ్ళు ఎర్రగా కనిపించాయి, అంతే. పూత రాలకముందే మరికొన్ని తోటలు తిరిగొచ్చి, అధ్యాయం మొత్తం దిద్ది రాసింది. విభాగంలో జరిగిన సదస్సులో అది చదివినప్పుడు, బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు ముచ్చటపడి, "ఇంత శుభ్రంగా రాయడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు.

"ఎవరో నాకూ తెలియదండీ. చాలా ఓపిగ్గా నా తప్పులన్నీ రాసిచ్చారు. వారి చలవే" అంది పరిమళ. హాలంతా చప్పట్లు. త్రినాథ్ చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

సదస్సు ముగియడం ఆలస్యం, అతను నేరుగా మాస్టారి గదిలోకి వెళ్ళాడు. "ఆ చప్పట్లు నావి మాస్టారూ! ప్రశ్న ముందు పెట్టమన్నది నేను. ఆ సోదంతా తీసెయ్యమన్నది నేను. అందులో బాగున్నదంతా నాదేనండీ! పేరు మాత్రం ఆవిడ కొట్టేసింది" అన్నాడు. వినేవాళ్ళకు నవ్వొచ్చే మాటే గానీ అతని బాధ అబద్ధం కాదు. గడువు ముంచుకొస్తోంది, చెప్పుకోవడానికి తనదంటూ ఒక్క పేజీ లేదు.

"నీది కాదని ఎవరన్నారు?" అన్నారు మాస్టారు. బల్ల మీది కట్టల అడుగు నుంచి ఒక అధ్యాయం లాగి, దుమ్ము దులిపి అతని ముందు పెట్టారు. "దీనికీ తప్పులు రాసుకురా."

త్రినాథ్ మొదటి వాక్యం చూసి నీరుగారిపోయాడు. "ఇది నేను రాసిందే కదండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు.

"నువ్వు రాశావని ఎందుకనుకుంటావయ్యా? పరిమళ రాసిందనుకుని చదువు."