సున్నం కింద మన్ను

అనగా అనగా మన ఊరంత పెద్ద ఊరొకటి ఉండేదట. ఆ ఊరికి పడమటి చివర బట్టీలపేట అని ఒక పేట. దుప్పటి కాళ్ళదాకా లాక్కో తల్లీ, చెప్తాను.

ఒకప్పుడు అక్కడ సున్నపుబట్టీలు ఉండేవి. సున్నపురాయి కాల్చి సున్నం చేసేవాళ్ళు. పండగొస్తే ఊళ్ళో గోడలన్నీ ఆ సున్నంతోనే తెల్లబడేవి. ఆ తర్వాత రంగుడబ్బాలు వచ్చాయి, బట్టీలు మూతబడ్డాయి. అప్పుడు పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఆ జాగాలో రేకుల ఇళ్ళు వేసుకున్నారు. మూడు సందులు, ఎనభై గడపలు. పేటంతా తిరిగినా ఒక్క చెట్టు కనబడేది కాదు.

రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకర్ వచ్చేది. ఇంటికి మూడు బిందెలు. ట్యాంకర్ వచ్చేదాకా ఆడవాళ్ళు కరెంటు స్తంభం నీడలో నిలబడేవాళ్ళు. స్తంభం నీడ ఎంతుంటుంది? జానెడు. ఆ జానెడు నీడలోనే ఒకరి వెనక ఒకరు, తీగ మీద పిట్టల్లా. పొద్దు తిరిగేకొద్దీ నీడ తిరిగేది. నీడతోపాటు వరసంతా తిరిగేది.

ఆ పేటలో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఇస్త్రీ బండి ఉంది. భర్త లారీ తోలుతూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో ఆవిడా, అత్త అప్పయ్యమ్మా. నూకరత్నం మాట తక్కువ మనిషి. ఎవరితోనైనా పనిబడితే అత్తని పంపేది. పైన ఎండ, చేతికింద బొగ్గులపెట్టె, మధ్యలో ఆవిడ. అలా రోజులు గడుస్తున్నాయి.

ఒక ఏడు రోహిణి కార్తె వచ్చింది. ఆ రోజు ట్యాంకర్ ఆలస్యమైంది. అప్పయ్యమ్మ వరసలో నిలబడి నిలబడి, ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయింది. బిందె దొర్లుకుంటూ సందు చివరిదాకా పోయింది.

అప్పుడు నూకరత్నం ఇస్త్రీ వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి, సాయంత్రానికి పంపించేస్తూ, "ఎండదెబ్బమ్మా. మందులకేం గానీ, పదిరోజులు మీ అత్తగారిని చల్లటి నీడలో ఉంచు" అంది.

నూకరత్నం తలూపింది. ఇంటికొచ్చి చూస్తే, నీడ ఏదీ? ఇంట్లో రేకులు పెనంలా కాలుతున్నాయి. గుమ్మం బయట ఎండ. తడిచీర దండెం మీద వేసి, దాని వెనక అత్తని పడుకోబెట్టింది. గంటలో చీర ఆరిపోయింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ ఆరింది. అలా పదిరోజులు.

ఆ పదిరోజుల్లో నూకరత్నానికి ఒకటే ఆలోచన. మందు కొనచ్చు, మంచం కొనచ్చు, ఇంత నీడ ఎక్కడ కొనాలి?

తొలకరి పడగానే ఆవిడ గుమ్మం పక్కన బాదం మొక్క నాటింది. నెల తిరక్కుండా ఆకులు పసుపురంగుకి తిరిగి రాలిపోయాయి. ఆ తర్వాత వేప మొక్క తెచ్చింది. అదీ అంతే. మూడోసారి కానుగ తెచ్చింది. అది రెండు నెలలు పోరాడింది, పాపం. ఆ తర్వాత వాడిపోయింది.

అందరూ, "ఈ నేల గొడ్డుదిలే" అన్నారు. కానీ నూకరత్నం ఆ ఎండిన కానుగని పారెయ్యలేదు. మెల్లిగా పెళ్ళగించి వేళ్ళు చూసింది. వేళ్ళు కిందకి దిగలేదు. చాపచుట్టలా అక్కడక్కడే చుట్టుకుపోయి ఉన్నాయి. చివర్లు తెల్లగా ఉన్నాయి. ఊఁ కొడుతున్నావా?

ఆ మొక్క పట్టుకుని ఆవిడ పైడితాత దగ్గరికెళ్ళింది. పైడితాత చిన్నప్పట్నుంచీ బట్టీల్లో పనిచేసిన మనిషి. బట్టీలు పోయినా ఆయన అక్కడే ఉండిపోయాడు. దగ్గుతో నడుం వంగిపోయింది.

తాత మొక్క వేళ్ళు తడిమి చూశాడు. వాటి చివర అంటిన తెల్లపొడి గోటితో గీకాడు.

"ఇది నేల తప్పు కాదమ్మా. మాది. కాలకుండా మిగిలిన రాయీ పొడీ తట్టలకెత్తి ఇక్కడే పోసేవాళ్ళం. వానకి తడిసి, బండ్ల కింద నలిగి, బండలా గట్టిపడిపోయింది. ముప్పయ్యేళ్ళు నా నెత్తిమీదే మోశాను."

"దాని కింద ఏముంది తాతా?"

"ఎర్రమన్ను. పచ్చి బంగారం. నా చిన్నప్పుడు ఇక్కడ జొన్న పండేది."

 మర్నాడు నూకరత్నం బండి కట్టేసి, పలుగు అడిగి తెచ్చుకుంది.

గుమ్మం పక్కన తవ్వడం మొదలుపెట్టింది. మొదటి రోజు మోకాలిలోతు కూడా కాలేదు. చేతులు బొబ్బలెక్కాయి. పలుగు నిప్పురవ్వలు రాల్చింది గానీ నేల దిగలేదు. పైడితాత తవ్వలేడు కదా, పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కూర్చుని పలుగు చప్పుడు వింటున్నాడు.

"ఠంగుమంటే సున్నం. ధబ్బుమంటే మన్ను. ధబ్బుమనేదాకా ఆపకు."

రెండోరోజూ ఠంగు ఠంగుమంది. మూడోరోజు మధ్యాహ్నం, నడుంలోతు గుంటలో, ధబ్బుమంది. తాత పీట మీంచి లేచి, గుంట అంచున బోర్లా పడుకుని, చెయ్యి చాపి, గుప్పెడు ఎర్రమన్ను తీశాడు. దాన్ని వాసన చూసి, పైపంచె అంచున కట్టుకున్నాడు. ఆ ముసలాయన మొహం చూసి నూకరత్నం తన చేతుల మంట మర్చిపోయింది.

ఎదురింట్లో జైనాబీ ఉండేది, జాకెట్లు కుడుతుంది. మూడు రోజులుగా మిషను ఆపి ఆపి కిటికీలోంచి చూస్తూనే ఉంది. అప్పుడు బయటికొచ్చింది.

"రత్నమ్మా, నీ గుంట అయిందిగా. ఇంక మా గుమ్మం ముందు తవ్వుదాం. పలుగు ఇటివ్వు, నువ్వు కాసేపు కూర్చో" అంది.

అలా ఇద్దరయ్యారు. నాలుగు రోజుల్లో ఏడుగురయ్యారు. ఆదివారం వచ్చేసరికి మగవాళ్ళు కూడా పలుగులు పట్టుకొచ్చారు. మూడు సందుల్లోనూ ఠంగు ఠంగుమని ఒకటే మోత. ఎక్కడైనా ధబ్బుమంటే చాలు, పనిచేసేవాళ్ళందరూ ఆగి అటు చూసి నవ్వుకునేవాళ్ళు. తాత కర్ర పట్టుకుని ఈ గుంట దగ్గర్నుంచి ఆ గుంట దగ్గరికి తిరుగుతూనే ఉండేవాడు. ఆయన దగ్గు తగ్గలేదు గానీ, ఎవరూ ఆయన్ని కూర్చోబెట్టలేకపోయారు.

గుంటలు తవ్వితే సరిపోతుందా? నింపడానికి మంచిమట్టి కావాలి. ఆ రోజుల్లోనే ఊరి కాలవలో పూడిక తీసి, ఒండ్రు ఒడ్డున కుప్పలు పోశారు. అది తీసుకుపోతే చాలు, కాలవ వాళ్ళకీ పని తగ్గుతుంది. నూకరత్నం ఇస్త్రీ బండి మీంచి బట్టలు దించి, మట్టిబస్తాలు ఎక్కించింది. ఆవిడ బండి రోజుకి ఆరుసార్లు కాలవకి వెళ్ళొచ్చింది. ఇస్త్రీకి బట్టలిచ్చినవాళ్ళు వారం రోజులు నలిగిన చొక్కాలే వేసుకున్నారు.

ఆ తర్వాత మొక్కలు. స్టేషన్ రోడ్డులో పెద్ద కానుగల కింద, కాయలు రాలి మొలిచిన పిల్లమొక్కలు బోలెడున్నాయి. జైనాబీ పాలపాకెట్లలో మట్టి నింపి, వాటిని ఒక్కొక్కటే పదిలంగా తెచ్చింది. మొత్తం యాభై ఏడు గుంటలు, యాభై ఏడు మొక్కలు.

మరి నీళ్ళు? ఇంటికి మూడే బిందెలు కదా. అప్పుడు మంచం మీంచే అప్పయ్యమ్మ ఒక మాట చెప్పింది. "బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు మొక్కకి పొయ్యండి. ఎవరి మొక్కకి వాళ్ళు కాదు, ఎదురింటివాళ్ళ మొక్కకి. మనదైతే రేపు పోద్దాంలే అనుకుంటాం. ఎదురింటిదైతే వాళ్ళు చూస్తుంటారుగా."

అది బాగా పనిచేసింది. రెండో సందులో ఏడాదిగా మాటల్లేని రెండిళ్ళవాళ్ళు ఉన్నారు. చెంబు చేత్తో పట్టుకుని పొద్దున్నే ఎదురుపడితే ఎన్నాళ్ళని మాట్లాడకుండా ఉంటారు? ముందు మొక్క గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత మిగతావన్నీ.

మేకలు రాకుండా పాతచీరలు చుట్టూ కట్టారు. పదకొండు మొక్కలు పోయాయి. మళ్ళీ నాటారు. అందులో మూడు పోయాయి. మళ్ళీ నాటారు. ఒక వానాకాలం, రెండు వానాకాలాలు, మూడు వానాకాలాలు. కానుగలు మనిషిని దాటాయి. లేత ఆకులు ఇత్తడి చెంబులా మెరిసేవి. నాలుగో ఏడు ఎండాకాలంలో అప్పయ్యమ్మ చెట్టు కింద చాప వేసుకుని, మధ్యాహ్నం హాయిగా గురకపెట్టి పడుకుంది. ఆ గురక వింటూ నూకరత్నం అయిదు చీరలు ఇస్త్రీ చేసింది. అంత బాగా ఆవిడ ఎప్పుడూ చెయ్యలేదట.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే ఉంది. కష్టం ఇప్పుడొచ్చింది.

ఒక పొద్దున ఇంజనీరు వచ్చాడు. పేటకి మురిక్కాలవ కట్టిస్తారట. అందరూ సంతోషపడ్డారు. కానీ ఆయన మనిషి ముగ్గుపిండితో గీత గీస్తూ పోతే, ఆ గీత మొదటి సందులో కానుగల మొదళ్ళ మీంచే పోయింది. ఇరవై రెండు చెట్లు.

"ఎల్లుండి మిషను వస్తుంది. ఇవి తీసెయ్యాలి" అన్నాడు ఇంజనీరు. మంచివాడే. కాగితంలో ఉన్నది చెప్పాడు.

అందరూ ఒక్కసారి మాట్లాడబోయారు. ఆయన చెయ్యెత్తి, "నేల వాలు ఇటే ఉంది. నీళ్ళు వాలు ఎటుంటే అటే కదా పోతాయి" అన్నాడు.

నూకరత్నం అత్తవైపు చూసింది. అప్పయ్యమ్మ ఈసారి నోరు విప్పలేదు. "చెట్టు నాటింది నువ్వు. నువ్వే మాట్లాడు" అన్నట్టు గడ్డం ఎత్తింది. నూకరత్నం ఎప్పుడూ అంతమంది ముందు మాట్లాడింది లేదు. అయినా నాలుగడుగులు ముందుకేసింది.

"బాబూ, కాగితం సంగతి నాకు తెలీదు. నీళ్ళనే అడుగుదాం."

ఆ రోజు ట్యాంకర్ వచ్చిన రోజు. ఆవిడ ఇంట్లోకెళ్ళి నిండుబిందె చంకనేసుకొచ్చింది. సందు మొదట్లో, సరిగ్గా నడిమధ్యన, కుమ్మరించింది. నీళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత చెట్లవైపు కాదు, రెండోవైపు జారుకుంటూ పోయాయి.

ఇంజనీరు, "ఇక్కడ మిట్టగా ఉందేమో" అన్నాడు.

అప్పుడు జైనాబీ తన బిందె తెచ్చింది. సందు మధ్యలో పోసింది. ఆ నీళ్ళూ రెండోవైపే పోయాయి.

మూడో బిందె అప్పయ్యమ్మది. పక్కవాళ్ళు సాయం రాబోయారు. ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. సందు చివరిదాకా తనే మోసుకెళ్ళి పోసింది. మూడోసారీ నీళ్ళు చెట్లకి దూరంగానే పోయాయి.

పైడితాత మెల్లిగా అన్నాడు. "అటువైపు బండ్లు పోయే దారి వదిలేవాళ్ళం బాబూ. అందుకని సున్నం ఇటు ఎత్తుగా, అటు పల్లంగా పోశాం. మీ కాగితం పై దుమ్ము చూసింది. నీళ్ళు కింద సంగతి చెప్పాయి."

ఇంజనీరు తడినేల వంక చూశాడు. ఖాళీ బిందెల వంక చూశాడు.

"ఇవాళ మరి మీకు నీళ్ళు?" అని అడిగాడు.

"ఎల్లుండి ట్యాంకర్ వస్తుంది బాబూ" అంది నూకరత్నం.

 ఆయన తన చెప్పుకాలితోనే చెట్ల కింది ముగ్గుగీత చెరిపేశాడు. కొత్తగీత రెండోవైపు తనే దగ్గరుండి గీయించాడు. కాలవ అటువైపే కట్టారు. ఇరవై రెండు చెట్లకీ ఒక్క ఆకు రాలలేదు. ఆ సాయంత్రం ఎనభై గడపలవాళ్ళూ చెంబెడు చెంబెడు నీళ్ళు తెచ్చి, ఆ మూడు బిందెలూ మళ్ళీ నింపారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఇటుకలపాలెం నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళది కూడా చెట్టులేని పేటే. కానుగల కింద తలలెత్తి చూసుకుంటూ నడిచి, ఇస్త్రీ బండి దగ్గర ఆగారు.

"ఇవన్నీ పెంచింది రత్నమ్మగారట. ఆవిడ ఇల్లెక్కడ?" అని అడిగారు.

ఆవిడ పేరు చివర ఎవరైనా 'గారు' చేర్చడం అదే మొదలు. నూకరత్నం తడబడింది. అప్పుడు అప్పయ్యమ్మ చాప మీంచి లేచి కూర్చుని, పేటంతా వినబడేట్టు, "ఆవిడే. మా కోడలు" అంది.

నూకరత్నం పెట్టె పక్కకి దించి, చేతులు చెంగుకి తుడుచుకుంది. "మీ నేల కింద ఏముందో మీకు తెలుసా?" అని అడిగింది. వాళ్ళు తెలీదన్నారు.

"అయితే పదండి, చూద్దాం" అంది.

ఆవిడ ముందు నడిచింది. వెనకాల జైనాబీ నడిచింది. కర్ర పట్టుకుని పైడితాత కూడా బయల్దేరాడు, వద్దంటే వింటాడా? ఆ వెనక బట్టీలపేటలో సగంమంది. పట్టపగలు, నడిరోడ్డు మీద, పెళ్ళికి తరలి వెళ్ళినట్టు వెళ్ళారట ఇటుకలపాలేనికి.

గుంటకో మొక్క, గుమ్మానికో నీడ,
కొమ్మకో పిట్ట, పిట్టకో గూడు.
కథేమో నడుచుకుంటూ కంచికి,
మనమేమో నిద్దరోతూ ఇంటికి.